గంగాళంలో తొమ్మిది చేపలు

ఏడోసారి కడుగుతున్నా ఇసుక కాఫీ రంగు వదలడం లేదు. వదలదు మరి, ఏడుసార్లూ అవే నీళ్ళయితే ఎట్లా వదులుతుంది? ఒక బేసిన్ నీళ్ళు పోసి, చేత్తో కలిపి, ఆ బురద నీళ్ళను ఇంకో బేసిన్‌లోకి వంచి, మట్టి అడుక్కు దిగేదాకా కాచుకుని, పైన తేరిన నీళ్ళను మళ్ళీ ఆ ఇసుక మీదికే పోసి, పొద్దున ఆరింటి నుంచి జుబేదాబీ ఒకే బేసిన్ నీళ్ళతో కుస్తీ పడుతోంది. అనంతపురంలో ఐదు రోజులకొకసారి, అదీ గంటసేపు, నీళ్ళు వదిలే కాలం. చేపల తొట్టిలో వేసే ఇసుకను కొత్త నీళ్ళతో కడిగిందని తెలిస్తే వీధి వీధంతా ముక్కున వేలేసుకుంటుంది. వీధి సంగతి ఎట్లా ఉన్నా, ఆమెకే చేతులు రావు. గోడ గడియారం పది కొట్టింది. కణేకల్ బస్సు పదకొండుకు వస్తుంది, బస్టాండు నుంచి ఆటోలో ఇంటికి పావుగంట. అంటే గంటంబావు. ఆ బస్సులో కొడుకు షఫీవుల్లా ఉంటాడు, పక్కన కోడలు నాజియా ఉంటుంది. ఉంటుందా? ఉంటుంది, మొన్న ఫోన్ చేసి చెప్పినాడు కదా, ఉండక యాడికి పోతుంది అనుకుని, చాలు ఈ కడుగుడు, చేపలేమన్నా ఈ ఇసుకను వండుకు తింటాయా అని తనను తానే కసురుకుని, బేసిన్ ఎత్తుకుని, మోకాళ్ళు పట్టేసిన నొప్పికి అల్లా అని ఒక మూలుగు మూలిగి, ముందు గదిలోకి నడిచింది.

ముందు గదిలో ఇనుప స్టాండు మీద ఖాళీ తొట్టి. షఫీ వెల్డింగ్ చేసుకునేవాడు కాబట్టి స్టాండు వాడే చేసినాడు, నాలుగు కాళ్ళలో ఒకటి కాస్త పొట్టి, దాని కింద మడిచిన అట్టముక్క. తొట్టి ఇట్లా ఖాళీగా ఉండటం మూడేళ్ళలో ఇదే మొదలు. రెండు నెలలుగా దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు, అద్దాలకు పచ్చగా పాచి పట్టి లోపల చేపలు ఉన్నాయో పోయాయో కూడా కనపడకుండా పోయింది. చిటికెడు చిటికెడు మేత మాత్రం జుబేదాబీ వేస్తూనే ఉంది, ఎవరూ చూడనప్పుడు. ఈ రోజు పొద్దున టీ వడగట్టే జాలితో ఒక్కొక్కదాన్నే పట్టి లెక్కపెడితే తొమ్మిది తేలాయి. ఏడు గప్పీలు, తోకలు సిల్కు గుడ్డ పేలికల్లా ఊపుకుంటూ తిరిగే బుడ్డ చేపలు. రెండు గౌరామీలు, వాటికి నవాబు, బేగం అని పేర్లు కూడా తనే పెట్టింది, పెట్టి మూడేళ్ళయినా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చేపలతో మాట్లాడుతుందని తెలిస్తే కోడలి ముందు పెద్దరికం ఏం మిగులుతుంది?

మొన్న సాయంత్రం చౌడమ్మ ఇంటికి ఫోనొచ్చింది. పక్కిల్లే, గోడ మీంచి కేక వేస్తే తడి చేతులతోనే పరిగెత్తింది. షఫీ గొంతు. "ఎల్లుండి పొద్దున బస్సుకు వస్తాండామమ్మా, నాజియా ఒప్పుకునింది." ఆ మాటకు గుండె మీద నుంచి రాయి దించినట్టయింది, అంతలోనే వాడు నసిగినాడు. "కానీ మా, ఒకటి చెప్పింది. మేమొచ్చేలోగా ఆ తొట్టి ఇంట్లో ఉండగూడదంట. తీసెయ్యి. చౌడమ్మత్తకు ఇచ్చెయ్యి, లేకుంటే పారెయ్యి. దాన్ని చూడలేనంటాది." సరేలే నాయనా అని ఫోను పెట్టేసింది. పెట్టేసి, చౌడమ్మ ఏమంటాడమ్మే నీ కొడుకు అని అడుగుతున్నా పలక్కుండా ఇంటికి వచ్చి, తొట్టి ముందు చాప మీద కూర్చుంది. కూర్చుంటే ఆ మాట మళ్ళీ వినపడింది, తన నోటితో తాను అన్న మాట. ఎన్నిసార్లు వినపడుతుంది ఈ మాట, రొట్టె కాలుస్తుంటే, నమాజుకు కూర్చుంటే, ఊరికే గడపలో నిలబడితే. నాజియాకు అయిదో నెలలో కడుపు పోయి ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడు, మంచం మీద పిల్ల గోడ వైపు తిరిగి పడుకుని ఉంటే, గుండెలో మంట ఎటు పోసుకోవాలో తెలీక, "చేపలకు నీళ్ళు మోసి మోసి పోగొట్టుకుంటివి" అనేసింది. అంతే. ఒక్క ముక్క. నాజియా ఏడవలేదు, ఎదురు చెప్పలేదు, కనీసం ఇటు తిరగలేదు. పుట్టింట్లో నలభై దినాలు ఉండి రావడం ఆచారమే కాబట్టి కణేకల్‌కు పోయింది, ఎవరికీ ఏమీ అనుమానం రాలేదు. నలభై పోయి యాభై అయ్యాయి, అరవై అయ్యాయి. ఒంట్లో బాగలేదేమో అన్నారు వీధిలో. జుబేదాబీకి తెలుసు ఎక్కడ బాగలేదో.

తొట్టి తీసేయడం ఎంతసేపు? చౌడమ్మ పిల్లలు గంతులేసుకుంటూ ఎత్తుకుపోతారు. కానీ తీసేస్తే ఏమవుతుంది? నాజియా వస్తుంది, తొట్టి ఉన్నచోట ఖాళీ చూస్తుంది, ఆ ఖాళీ రోజూ అదే మాట చెబుతుంది, అవును, చేపల వల్లే, నీ వల్లే అని. తొట్టి బయటికి పోతే తన మాట ఇంట్లో నిలిచిపోతుంది, అరుగు రాయిలా. అది ఆమెకు మొన్న సాయంత్రం చాప మీద కూర్చున్నప్పుడు తెలిసొచ్చింది, ఇంత వయసొచ్చి అంత ఆలస్యంగా. డాక్టరమ్మ ఏమంది? ఇది ఎవరి తప్పూ కాదు, బిడ్డే నిలవలేదు అంది. అది విన్నది తానే కదా, తలుపు దగ్గర నిలబడి. విని కూడా ఆ మాట అనింది. క్షమించు అని అడగాలంటే ఆ నోరు తిరగదు, జుబేదాబీ పుట్టి బుద్ధెరిగి ఎవర్నీ క్షమించమని అడగలేదు, మొగుడు రహంతుల్లాను కూడా. ఆయన పోయేటప్పుడు అడిగి ఉండాల్సింది, రెండు మూడు సంగతులున్నాయి. సరే, అవి పైన చూసుకోవచ్చు. ఇప్పుడు తొట్టి సంగతి.

చౌడమ్మ అయితే సంగతి విని నిన్ననే తేల్చి చెప్పింది. "ఆయమ్మి వద్దన్నది చేసి పెట్టి మళ్ళా పోగొట్టుకుంటావు సూడు. మళ్ళా తిరిగి పోతే ఈసారి రాదు." అది నిజమే అయ్యుండొచ్చు. తొట్టిని చూసి గడపలోనే వెనక్కి తిరిగితే? ఆ తిరిగే వెనకవైపు, ఆ జడ, ఆ సంచి, అన్నీ కళ్ళకు కట్టాయి. అయినా ఇసుక తొట్టిలోకి పోసింది. ముందు వైపు రెండు వేళ్ళ మందం, వెనక జానెడు, వాలుగా, బొమ్మలో ఉన్నట్టు.

బొమ్మ నాజియాదే. నోటు పుస్తకంలో వెనక పేజీలో పెన్సిలుతో గీసుకుంది, కడుపుతో ఉన్నప్పుడు, పండగ దాటినాక తొట్టి మొత్తం మార్చేస్తానత్తా అని చూపించింది కూడా. ఎడమ పక్క మూడు రాళ్ళు, పెద్దది, నడిమిది, చిన్నది. రాళ్ళ వెనక పొడుగు గడ్డి. కుడి మూలలో పొట్టి మొక్కలు గుంపుగా. నడుమ ఏమీ లేదు. జుబేదాబీకి చదువు రాదు, కానీ బొమ్మ చదవడానికి అక్షరాలెందుకు? ఒక్క ఆ నడుమ ఖాళీయే ఆమెకు మింగుడు పడలేదు. ఇంత తొట్టిలో అంత జాగా ఊరికే వదిలేస్తారా? ఇంట్లో గూడు ఖాళీగా ఉంటే డబ్బా పెట్టే ప్రాణం. అందుకే అక్కడ నాలుగో రాయి పెట్టింది, వెనక్కి జరిగి చూసింది, రైలు పట్టాల మీద బర్రె పడుకున్నట్టుంది. తీసేసింది. రాళ్ళు గుత్తి కొండ కింద ఏరినవి, పెళ్ళయిన కొత్తలో షఫీ నాజియాను కోట చూపిస్తానని తీసుకుపోతే, తిరిగొచ్చినాక కోట ఎట్లుండాది పాపా అని తాను అడిగితే, పమిట కొంగులో కట్టి తెచ్చిన మూడు రాళ్ళు చూపించింది. కోటను చూడమంటే రాళ్ళేరుకొచ్చింది పిల్ల. అప్పుడు నవ్వొచ్చింది, ఆపుకుంది. ఎందుకు ఆపుకున్నట్టు? నవ్వి ఉంటే ఏం పోయేది?

కణేకల్ పిల్ల కదా. కాలువ గట్టున ఇల్లు. పొద్దున లేస్తే నీళ్ళ చప్పుడు, వరి మడి, కొంగలు. అట్లాంటి పిల్లను తెచ్చి ఈ ఊర్లో, ఐదు రోజులకొకసారి పైపు ముందు కొడాలు వరుస పెట్టే వీధిలో పడేశారు. మొదటి నెల రాత్రిపూట నిద్ర పట్టడం లేదంది, ఏమే అంటే, నీళ్ళ శబ్దం లేదత్తా అంది. జుబేదాబీ అప్పుడేమంది, దానికేం, పైపు వచ్చిన రోజు పడుకో అంది. ఆమె నోరే అంత. తర్వాత ఈ తొట్టి వచ్చింది. ఇంటర్లో బాటనీ చదివిన పిల్ల, కాలువలోంచి గడ్డి మొక్కలు తడి గుడ్డలో చుట్టి టిఫిన్ క్యారియర్‌లో పెట్టుకుని బస్సులో తెచ్చింది, అడుగు గిన్నెలో చపాతీలు, పై గిన్నెలో మొక్కలు. గాలి మిషను పెట్టి బుడగలు వదిలితే ఇంట్లో సన్నగా నీళ్ళ శబ్దం. నీళ్ళు లేని ఊర్లో చేపలకు నీళ్ళా అని జుబేదాబీ వారం రోజులు సణిగింది. ఎనిమిదో రోజు ఆ శబ్దం లేకపోతే తనకే నిద్ర పట్టలేదు, కరెంటు పోయి మిషను ఆగింది, చీకట్లో లేచి కూర్చుని బుడగల కోసం కాచుకుంది. అది చెప్పిందా కోడలికి? చెప్పలేదు. ఎన్ని చెప్పలేదు ఈమె!

మొక్కలను ఇప్పుడు ఇసుకలో గుచ్చుతోంది, వేరు లోపలికి, తల బయటికి, రెండు వేళ్ళతో నొక్కి పట్టి మెల్లిగా వేళ్ళు లాగేసుకోవాలి, నాజియా అట్లాగే చేసేది, చూసి నేర్చుకుంది. నాజియా చెప్పిన జాగ్రత్తలన్నీ గుర్తున్నాయి. తొట్టిలో సబ్బు తగలకూడదు. పైపు నీళ్ళలో మందు కలుపుతారు కాబట్టి ఒక రోజంతా నిలవ ఉంచాకే చేపలకు పొయ్యాలి. అన్నీ పాటించింది. నిన్న పైపు వచ్చినప్పుడు రెండు ప్లాస్టిక్ కొడాలు తొట్టి కోసం పట్టి పక్కన పెట్టింది, అవి ఇందాకే తొట్టిలో సగం దాకా పోసింది. పాచి పట్టిన పాత నీళ్ళు పారబోయకుండా రెండు బకెట్లలో దాచింది, పెరట్లో గోరింటాకు చెట్టుకు పనికొస్తాయని. ఇక చేపలు ఉండటానికి, మిగతా సగం తొట్టి నింపడానికి, ఇంట్లో ఉన్నవాటిలో మేలైనది, నిన్ననే అటక మీద నుంచి రాగి గంగాళం దించింది.

ఆ గంగాళం రహంతుల్లాది. కళాయి పోసే మనిషి ఆయన, కొలిమి తిత్తి భుజానేసుకుని ఊరూరా తిరిగి, రాగి గిన్నెలకూ ఇత్తడి గిన్నెలకూ లోపల తగరం పూసేవాడు. గిన్నె ఎర్రగా కాలినప్పుడు నవాసారం చల్లి, దూదితో తగరం ఒక్క తుడుపు తుడిస్తే లోపలంతా వెన్నెల పరిచినట్టు తెల్లబడేది. ఆ పొగకు ఆయన కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. స్టీలు గిన్నెలొచ్చాక తిత్తి మూలన పడింది, ఆయనా కొన్నాళ్ళకు పడ్డాడు. ఇంట్లో రాగి అంతా ఒక్కొక్కటే పోయి, ఇదొక్కటి మిగిలింది. నిన్న తెల్లవారుజామున పైపు రాకముందే చింతపండూ ఉప్పూ పెట్టి దాన్ని తోమింది, తోమింది, భుజం పడిపోయేదాకా తోమింది, లోపలా బయటా కొత్త పెళ్ళికూతురిలా మెరిసేదాకా. రాగిలో నిలవున్న నీళ్ళు మనుషులకే మంచివి అంటారు, చేపలకు మంచివి కాకపోతాయా? కోడలి చేపలకు తన మొగుడి గంగాళం. ఇంతకన్నా ఏం ఇవ్వగలదు? పొద్దున చేపలనూ గాలి మిషను గొట్టాన్నీ దాంట్లో వదిలినప్పుడు ఆ ఎర్రని మెరుపులో గప్పీల తోకలు చూసి, పాప వచ్చి చూస్తే అని, కాస్త గర్వపడింది కూడా.

ఆ గర్వంతోనే ఇప్పుడు ఇంకోసారి తొంగి చూసింది. నవాబు పైకొచ్చి గుటక వేసి వెళ్ళాడు. అది మామూలే, గౌరామీలు పైకొచ్చి గాలి మింగుతాయి. కానీ గప్పీలు కూడా పైనే ఉన్నాయి, ఏడూ, నోళ్ళు తెరుచుకుని. తోకలు ఆడటం లేదు. ఫ్యాను వైపు చూసింది, ఆగి ఉంది. కరెంటు పోయింది, ఎప్పుడు పోయిందో, గాలి మిషను కూడా ఆగి ఉంటుంది, అందుకే ఊపిరాడటం లేదు పాపం. చెంబు తీసుకుని గంగాళంలో నీళ్ళు ముంచి ఎత్తు నుంచి పోయడం మొదలుపెట్టింది, టీ చల్లార్చినట్టు, బుడగలు లేచేట్టు. ముంచి పోసింది, ముంచి పోసింది. ఒక గప్పీ పక్కకు ఒరిగింది. మళ్ళీ సర్దుకుంది. మళ్ళీ ఒరిగింది. ఏమైంది మీకు, ఏమైందే, బస్సు ఇంకా అరగంట, అంతవరకు ఓపిక పట్టండి నా తల్లులారా. ఇట్లా నోళ్ళు తెరుచుకుని, కళ్ళు తేలేసి, వరసగా, ఇట్లాగే ఎక్కడ చూసింది? కుందుర్పిలో. పెళ్ళింట్లో. అరుగు మీద వరసగా పడుకోబెట్టిన జనం, వాంతులు, ఒకటే గోల. షఫీ అప్పుడు చంకలో ఉన్నాడు. ఎవరింట్లోనో పెద్ద రాగి గిన్నె తెచ్చి పులుసు కాచారు, దాంట్లో కళాయి ఎప్పుడో అరిగిపోయింది, రహంతుల్లా ముందురోజే ఇది పొయ్యి మీద పెట్టొద్దండీ అని చెప్పినా వినలేదు. ఆయన ఆ గిన్నెను వంచి చూపించినాడు, అడుగున పచ్చగా చిలుము. పులుపు తగిలితే రాగి విడుస్తాదప్పా, విషమైపోతాది అని అందరికీ చెబుతున్నాడు, ఎర్రని కళ్ళతో, చేతిలో గిన్నెతో. పులుపు. చింతపండు. నిన్న తెల్లవారుజామున పావుసేరు చింతపండు పెట్టి తోమి, ఒక్క చెంబుతో కడిగి, నీళ్ళు మిగుల్చుదామని రెండో చెంబు పొయ్యకుండా, ఆ మీద నీళ్ళు పట్టి ఒక పగలూ ఒక రాత్రీ నిలవ పెట్టి.

కళాయి సాయిబు పెళ్ళాం. ఊరందరికీ బుద్ధి చెప్పినవాడి పెళ్ళాం.

చెంబు ఎక్కడ పడిందో తెలీదు. జాలి దొరకలేదు, దొరికింది, చేతులు ఆడలేదు, ఎక్కడ వెయ్యాలి, తొట్టిలోనా, తొట్టిలో ఇసుక ఇంకా మబ్బుగా ఉంది, దాంట్లో కూడా ఇంకేదైనా తప్పు చేసిందేమో, ఇప్పుడు తన చేతులను తనే నమ్మలేదు. పాత నీళ్ళు! గోరింటాకు చెట్టుకని దాచిన పాచి నీళ్ళు, మూడేళ్ళుగా అవి బతికిన నీళ్ళు. పెరట్లోంచి బకెట్ ఈడ్చుకొచ్చి ఒక్కొక్కదాన్నే పట్టి వేసింది. ఒకటి. రెండు. బేగం చేతికి చిక్కకుండా తప్పించుకుంటోంది, తప్పించుకునే శక్తి ఉందని సంతోషం. తొమ్మిదీ వేసి, బకెట్ పక్కనే నేల మీద కూలబడి, బిస్మిల్లా అంటూ చేత్తో నీళ్ళు తట్టింది, తడుతూనే ఉంది. కొన్ని మెల్లిగా కిందికి దిగాయి. కొన్ని దిగలేదు.

అప్పుడు లేచి గంగాళాన్ని రెండు చేతులా పట్టుకుని, ఈడ్చి, గడప దాటించి, ఆ నీళ్ళన్నీ వీధి కాలువలోకి గుమ్మరించింది. జుబేదాబీ తన జీవితంలో నీళ్ళు పారబోయడం అదే మొదటిసారి. కాళ్ళు కడిగిన నీళ్ళను కూడా చెట్టుకు పోసే మనిషి. ఆ ధార చప్పుడుకు పక్కింట్లోంచి చౌడమ్మ బయటికి ఉరికొచ్చింది.

"ఏమ్మే జుబేదా, పిచ్చి గానీ పట్టిండాదా నీకు? గంగాళం నీళ్ళు, గంగాళం నీళ్ళు పారబోస్తాండావు!"

"విషం చౌడీ. నా చేతుల్తో నేను కలిపిన విషం."

చౌడమ్మ లోపలికొచ్చి బకెట్‌లోకి వంగి చూసింది. మూడు గప్పీలు పైన తేలుతున్నాయి, పక్కకు ఒరిగి, కదలకుండా. మిగతా ఆరు అడుగున నీడలా తిరుగుతున్నాయి. చౌడమ్మకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు, గొంతు తగ్గించింది. "పోనీలేమ్మే. ఆ మూడూ తీసి గోరింటాకు చెట్టు మొదట్లో పూడ్చెయ్యి. రెండు నెల్లాయె పిల్ల పోయి, ఎన్నుండాయో లెక్క పెట్టుకోని పోయిందా ఏమన్నా? నేనెవరికీ చెప్పను." అని, అంతకంటే ఉండటం బాగుండదనుకుని వెళ్ళిపోయింది. మంచిదే చౌడమ్మ, అది మంచి మాటే. జుబేదాబీ మూడింటినీ అరచేతిలోకి తీసుకుంది. ఏమీ బరువు లేవు, చింతగింజలంత. పెరట్లోకి పోయి, గోరింటాకు చెట్టు దగ్గర చేత్తోనే మట్టి కదిపింది. పూడ్చేస్తే అయిపోతుంది. నాజియా వస్తుంది, తొట్టి కొత్తగా ఉంటుంది, చేపలుంటాయి, ఎవరికీ తెలీదు. కానీ ఇది కూడా చెప్పకుండా దాచుకుంటే, చెప్పనివాటి మూటలో ఇంకొకటి, బుడగల శబ్దం, గుత్తి రాళ్ళు, డాక్టరమ్మ మాట, ఇప్పుడీ మూడు. ఎంతని మోస్తుంది ఒక మనిషి? వీధిలో ఆటో ఆగిన శబ్దం. గడియారం ఎప్పుడు పదకొండు కొట్టిందో వినపడనే లేదు. మట్టి చేత్తో, చేపల చేత్తో, తడిసిన చీరతో, జుబేదాబీ అట్లాగే ముందు గదిలోకి వచ్చి నిలబడింది.

నాజియా గడపలో ఉంది. చిక్కిపోయింది, మెడ ఎముకలు తేలాయి. వెనక షఫీ రెండు సంచులతో. నాజియా చూపు తిన్నగా తొట్టి మీదికే పోయింది, సగం నీళ్ళు, గుత్తి రాళ్ళు మూడు, పొడుగు గడ్డి, నడుమ ఖాళీ. పెదవులు బిగిశాయి. ఒక అడుగు వెనక్కి వేసింది. షఫీ కంగారుగా, "అమ్మా, తీసెయ్యమంటినే" అన్నాడు.

"తీసెయ్యలేదు" అంది జుబేదాబీ. అరచేయి చాపింది. "ముందు ఇవి చూడు పాపా. మూడు సచ్చిపోయినాయి. నేనే సంపినా. నువ్వు బాగుండాదనాలని మీ మామ గంగాళం చింతపండుతో తోమి, దాంట్లో ఏసినా. రాగి విడిచింది. నేను, కళాయోడి పెళ్ళాన్ని, నాకు తెలిసుండాల్సింది. తెలిసే ఉండె, ఆ పొద్దు మతికి రాలేదు. నువ్వు తిట్టినా పడతా. నువ్వు పోయినా ఆపను. కానీ దాచి పెట్టి నీ మొగం చూడలేను."

నాజియా ఆ మూడు చేపలను చూసింది, అత్త చీర కుచ్చిళ్ళ నుంచి కారుతున్న నీళ్ళను చూసింది, నేల మీద బకెట్‌ను, బయట బోర్లా పడున్న గంగాళాన్ని చూసింది. దగ్గరకొచ్చింది. అత్త చేయి కింద తన చేయి పెట్టింది.

"బాధపడొద్దత్తా. నువ్వు కావాలని చేసినావా? ప్రేమగా చేసినావు. దాంట్లో నీ తప్పేముండాది?"

జుబేదాబీ రెండు నెలలుగా ఎన్ని మాటలు కూర్చుకుందో, రొట్టె కాలుస్తూ, నమాజులో, గడపలో, వాటిలో ఒక్కటీ ఇప్పుడు నోటికి రాలేదు. వచ్చింది వేరే.

"చేతులారా చేసిన నాకే తప్పు లేదంటాండావే. మరి ఏమీ చెయ్యని నీకు తప్పు యాడిది పాపా?"

నాజియా ఆస్పత్రిలో ఏడవలేదు, మంచం మీద ఏడవలేదు, పుట్టింట్లో కూడా ఏడవలేదని వియ్యపురాలు ఫోనులో చెప్పి బాధపడింది. ఇప్పుడు తడి నేల మీద కూలబడి, రెండు చేతులతో కడుపు పట్టుకుని, చిన్నపిల్లలా గొంతెత్తి ఏడ్చింది. జుబేదాబీ పక్కన కూర్చుని తలను భుజానికి అదుముకుంది. "నేనన్నది అబద్ధం. డాక్టరమ్మ చెప్పింది నేనిన్నా, ఇని కూడా అన్నా. దుఃఖమాగక అన్నా. నాక్కూడా కడుపు కాలిండెనే" అంటూ తను కూడా ఏడ్చింది, ఆపుకోకుండా. మట్టి చేయి కోడలి జడకు అంటుతోందని తెలిసినా తియ్యలేదు.

ఎంతసేపో. కరెంటు వచ్చి ఫ్యాను తిరిగింది. నాజియా పమిటతో ముక్కు తుడుచుకుని, మోకాళ్ళ మీద జరిగి బకెట్‌లోకి వంగింది. "ఎన్ని మిగిలినాయి?" "ఆరు. నవాబూ బేగమూ బాగుండారు" అని జుబేదాబీ నాలుక కరుచుకుంది. "ఎవరూ?" అని నాజియా తలెత్తి చూసింది, తడి కళ్ళతోనే, అత్తను అంతకు ముందెన్నడూ చూడనట్టు.

షఫీవుల్లా ఇంకా గడపలోనే ఉన్నాడు, రెండు సంచులూ చేతుల్లోనే, ఎక్కడ అడుగు పెట్టాలో తెలీక. "అయితే మా, ఆ తొట్టి చౌడమ్మత్తకు ఇచ్చేదా, ఉంచేదా?" అన్నాడు.

నాజియా అటు తిరగలేదు. చేతిని మోచేతి దాకా తొట్టిలో పెట్టి, వాలిపోతున్న గడ్డి మొక్కను ఇసుకలోకి నొక్కి పట్టింది.

"నువ్వు ముందు సంచులు పెట్టి, చౌడమ్మత్తింట్లో రెండు కొడాల నీళ్ళడిగి మోసుకోనిరా" అంది.